ఉంగరం వైపు చూడని మంత్రి

మా పెద్దబాపు పేరు ఈశ్వరయ్య. మా నాన్నకు సొంత అన్న. తొండుపల్లిలో ఈశ్వరయ్య ఇల్లు ఎక్కడ అని అడిగితే సగం మందికి తెలియదు. మంత్రి ఈశ్వరయ్య అంటే మాత్రం బస్టాండు దగ్గర పల్లీలు అమ్మే ముసలమ్మ కూడా వేలు పెట్టి చూపిస్తుంది. చూపిస్తూ ఒక తిట్టు కూడా కలుపుతుంది.

ఆయన మంత్రి కాదు సరికదా, వార్డు మెంబరుగా కూడా ఎన్నడూ నిలబడలేదు. రెండెకరాల్లో పాలకూర, కొత్తిమీర, గోంగూర పండించి శంషాబాద్ మార్కెట్లో అమ్ముకునే రైతు. నీళ్లు చాలని నెలల్లో గగన్‌పహాడ్‌లో ఒక రేకుల కంపెనీ గేటు దగ్గర కాపలా ఉండేవాడు. మంత్రి అన్నది ఆటలో ఆయన కట్టిన వేషం. ఒక్క ఏడాదీ రెండేళ్లూ కాదు, ముప్పై ఏళ్లు కట్టాడు. అదే ఆయన కొంప ముంచింది.

మా ఊళ్లో ఎండాకాలం యక్షగానం కట్టేవారు. మేం దాన్ని ఆట అంటాం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏడాదికో కథ మార్చేవారు గానీ మా ఊరివాళ్లకు సోమగిరి రాజు ఆట తప్ప ఇంకోటి పట్టేది కాదు. దాన్ని ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ఎర్రగుడ్డలో చుట్టిన చేతిరాత పుస్తకం ఒకటి ఉండేది. అది చీకిపోతే దాన్ని చూసి ఇంకోటి రాసుకునేవారు. పెద్దబాపు చదువుకున్నది మూడో తరగతి. ఆ పుస్తకం తప్ప ఆయన జన్మలో ఇంకో పుస్తకం చదవలేదు. దాన్నే ముప్పై ఏళ్లు చదివాడు.

కథ పెద్దదేం కాదు. సోమగిరి రాజు భార్య చనిపోతుంది. రాజు దుఃఖంలో ఉండగా మంత్రి వస్తాడు. పక్క రాజ్యం వాళ్లు మీద పడబోతున్నారని ముందు భయపెడతాడు. నేనుండగా మీకేం భయమని ఆ తర్వాత ధైర్యం చెబుతాడు. అలా చెప్పీ చెప్పీ రాజముద్ర ఉన్న ఉంగరం తన వేలికి తొడిగించుకుంటాడు. కోట గుమ్మం దగ్గర ఒక ముసలి కాపలావాడు ఉంటాడు. వాడి నోరు మంచిది కాదు. రాజునైనా మొహం మీదే తిడతాడు. ఎన్ని తిట్టినా రాజు కనబడినప్పుడల్లా "తిన్నవా రాజా?" అని అడుగుతాడు. జనానికి అది పెద్ద నవ్వులాట. రాజు విసుగెత్తి వాణ్ని కోటలోంచి గెంటిస్తాడు.

చివరి ఘట్టంలో ఆ ముసలివాడే తిరిగొచ్చి, ఉంగరం ఒక్కరోజు రాజు దగ్గర ఉంచు, రేపు నువ్వే తీసుకో అని మంత్రిని అడుగుతాడు. మంత్రి ముందు ఏడుస్తాడు, "నా మీదనే అనుమానమా?" అని. ఆ తర్వాత అరుస్తాడు. ఆ తర్వాత కత్తి దూస్తాడు. అప్పుడు గానీ రాజు కళ్లు తెరవడు.

పెద్దబాపుకు ఆట నేర్పింది గోపయ్య పంతులు. మొదటి ఏడాది తాలీములో పెద్దబాపు ఉత్సాహం కొద్దీ మాటిమాటికీ రాజు వేలి వైపు చూసి కళ్లు మెరిపించాడట. గోపయ్య పంతులు చేతిలోని తాళం తీసి నెత్తి మీద ఒకటి మొట్టాడు.

"ఉంగరం దిక్కు సూడకురా. నీకు గది కావాలె. కావాల్సినోడు దాని దిక్కు సూడడు. రాజు మొఖం సూడు, గోడ సూడు, మొగులు దిక్కు సూడు. ఉంగరం తప్ప అన్నీ సూడు."

అప్పటి నుంచి పెద్దబాపు ఉంగరం వైపు చూడలేదు. ఎంత చూడలేదంటే, రాజు తనంతట తాను ఉంగరం తీసి ఇస్తున్నప్పుడు కూడా మొహం అటు తిప్పుకుని, వేలు మాత్రం ముందుకు చాపేవాడు. అది చూసి ఆడవాళ్లు మెటికలు విరిచేవారు. ఒకావిడ మార్కెట్లో ఆయన దగ్గర కొత్తిమీర కట్ట చేతిలోకి తీసుకుని, మొహం గుర్తుపట్టి, కట్ట కింద పడేసి వెళ్లిపోయింది. పెద్దబాపు ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు. అంత బాగా కట్టానన్నది ఆయన లెక్క.

మా అమ్మ భారతమ్మ కొత్త కోడలుగా వచ్చిన ఏడాదే ఆట చూసింది. ముందు వరసలో కూర్చుని ఏడ్చింది. ఇంటికొచ్చి మా నాన్నతో, "మీ అన్న దగ్గర జర పైలంగుండు" అంది. నాన్న నవ్వాడట. ఆయన మంచివాడు, ఏది విన్నా నవ్వేవాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో విమానాలు దిగడం మొదలవడానికి ముందు ఏడాది వానాకాలం విషజ్వరం వచ్చి వారం తిరగకుండా పోయాడు. పేరు జంగయ్య. ఈ ఊరు ఆయనను పెద్దగా గుర్తుపెట్టుకోలేదు గనుక ఇక్కడైనా రాస్తున్నాను.

అప్పుడు నేను పదో తరగతి. తాతల నాటి నాలుగెకరాలు పెద్దబాపూ నాన్నా చెరి సగం చేసుకునేవారు. బావి మా సగంలో ఉండేది. మధ్యలో గెట్టు తప్ప కాగితం మీద పంపకం లేదు. ఎయిర్‌పోర్టు వచ్చాక కాగితం లేని భూమి అంటే అందరికీ భయం పట్టుకుంది. ఊళ్లో సగం భూములు రన్‌వే కింద, రోడ్ల కింద పోయాయి. మిగిలినవాటి చుట్టూ తెల్లకార్లు తిరిగేవి. మాకు ఆ రెండెకరాలే ఆధారం. అవి పోతే మిగిలేవి రెండు గదుల ఇల్లు, అమ్మ రెక్కలు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మరదలు బావతో ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఆయన వాకిట్లోకి వస్తే అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు వెనక్కి పోయేది. చెప్పాల్సింది ఏదైనా నా ద్వారానే. "మీ పెద్దబాపును అడుగు" అని ఆమె, "మీ అమ్మకు చెప్పు" అని ఆయన. ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినబడుతూనే ఉంటుంది. మధ్యలో నేను గోడకు కొట్టిన మేకులా నిలబడాలి.

నాన్న పోయాక పెద్దబాపు రోజూ పొద్దున పొలానికి పోతూ మా వాకిట్లో ఆగేవాడు. ఒకే ప్రశ్న. "మీ అమ్మ తిన్నదా?"

ఆ ప్రశ్నంటే అమ్మకు ఒళ్లుమంట. ఆయన మలుపు తిరిగాక తలుపు వెనక నుంచి వచ్చి, "ఇంట్ల బువ్వ ఉన్నదో లేదో ఆరా దీస్తున్నడే. ఎప్పుడు ఆకలికి తాళలేక భూమిడుస్తమా అని సూస్తున్నడు" అనేది. నాకూ అలాగే అనిపించేది. పెద్దబాపు గొంతు అలాంటిది మరి. క్షేమం అడిగినా నేరం అడిగినట్టుండేది. పైగా వాకిట్లో నిలబడితే చాలు, ఆయన కళ్లు మా పొలం వైపే. మడుల్లో నీళ్లెన్ని, బావిలో ఊట ఎంత, గెట్టు మీద గడ్డి ఎవరు కోశారు, అన్నీ కావాలి ఆయనకు. ఒకసారి మా మడిలో పాలకూర మొక్క పీకి వేర్లు చూసి, "దీనికి పేడ సాల్లేదు, మీ అమ్మకు సోయి లేదు" అన్నాడు. అమ్మ ఆ పూట తిండి మానేసింది.

ఆయనకు పూర్తిగా ఎదురు మా మేనమామ మల్లేశ్వర్. అమ్మకు ఒక్కడే తమ్ముడు. శంషాబాద్‌లో ప్లాట్ల దందా చేసేవాడు. వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒక సంచి. నన్ను డాక్టరమ్మా అని పిలిచేవాడు. నేను చదివేది బీకాం, అయినా ఆ పిలుపు నాకు తీపిగానే ఉండేది. అమ్మ మంచం మీద కూర్చుంటే ఆయన కింద కూర్చుని, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి మాట్లాడేవాడు.

"అక్కా, నాకు నీ భూమితోని పనేంది? గడ్డపార వట్టుడు గూడ రాదు నాకు. నీ గురించే పరేషాన్. మీ బావ పంపకం కాగితం మీద సంతకం ఎందుకు పెడ్తలేడు? రేపు ఆయన కొడుకు జీవన్ వచ్చి ఇది మా తాత భూమి అంటే నువ్వేం జేస్తవ్? నువ్వేం భయపడకు గని. నేనున్న."

సంతకం సంగతి నిజమే. పంపకం కాగితం రాయించి మూడుసార్లు పంపాం. మూడుసార్లూ పెద్దబాపు, "ఇప్పుడు కాదు, తర్వాత సూద్దాం" అన్నాడు. ఎందుకని నేను అడిగితే, "పిల్లవు, నీకెందుకు?" అన్నాడు. రెండు వేల తొమ్మిదిలో ఒకసారి మాత్రం మామను నడిబజారులో పట్టుకుని, "నా తమ్ముని దినాల్ల నుంచి సూస్తున్నరా నిన్ను. నువ్వు దొంగవు" అని పది మందిలో అరిచాడు. మామ ఒక్క మాట తిరిగి అనలేదు. తలవంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. చూసినవాళ్లంతా మామ వైపే. చాయ్ హోటలు దగ్గర ఎవరో, "ముప్పై ఏండ్లు మంత్రి ఏషం గడితే లోపటికి ఎక్కదా?" అన్నారు. ఆ మాట ఊరంతా తిరిగింది, మా ఇంటికీ వచ్చింది, మేమూ నమ్మాం. నేను చదువుకున్నదాన్ని. నేనూ నమ్మాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ తర్వాత ఏడాది నుంచి ఆట ఆగిపోయింది. కట్టే జాగా సర్వీస్ రోడ్డులో పోయింది. రాజు వేషం కట్టే ఆయన క్యాబ్ డ్రైవరయ్యాడు, కాపలావాడు వేషం కట్టే ఆయన ఎయిర్‌పోర్టులో నిజంగానే సెక్యూరిటీ గార్డయ్యాడు. ఎర్రగుడ్డ పుస్తకం పెద్దబాపు దగ్గర మిగిలింది. ఆయన భార్య లచ్చమ్మ పెద్దమ్మ అంతకు ముందే పోయింది. జీవన్ బండి మీద తిరుగుతూ బయటే తినేవాడు. పెద్దబాపు ఒక పూట వండుకుని రెండు పూటలు తినేవాడని మాకు తెలుసు. తెలిసీ అయ్యో అనుకోలేదు.

రెండు వేల పన్నెండు మాఘమాసంలో మామ ఒక కాగితం తెచ్చాడు. జీపీఏ అంటారు. అక్క తరఫున భూమి వ్యవహారం మొత్తం తమ్ముడు చూసుకోవచ్చని రాసిచ్చే కాగితం.

"గిది కోర్టు కోసమే అక్కా. నువ్వు కోర్టు మెట్లెక్కుడు మన ఇంటికి మర్యాద గాదు. నీ తరపున నేను పోయి, మీ బావ మెడలు వంచి పంపకం తెస్త. సోమారం పోదాం, ఏలిముద్ర ఏసి వద్దాం."

అమ్మ సరే అంది. నేనూ సరే అన్నాను. ఆ రోజు శుక్రవారం.

శనివారం పొద్దున మడికి నీళ్లు పెడుతుంటే పెద్దబాపు గెట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. సంగతి ఆయన దాకా ఎలా వచ్చిందో తెలియదు. ఊళ్లో ఏదీ దాగదు. నేను తల ఎత్తలేదు.

"సోమారం పోతున్నరట గదా?"

"పోతున్నం. నువ్వు సంతకం పెడితే పోకపోదుము."

నాకు భయం వేసింది, అంత మాట ఎన్నడూ అనలేదు. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గెట్టు మీద కూర్చుని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"బిడ్డా, నేను సెప్తే మీరు నమ్మరు. నమ్మొద్దు. ఒక్క పని జెయ్యి. మీ మామను రేపు గీడికి తీసుకరా. ఊకె నిలబెట్టి మాట్లాడిపియ్యి. ఆయన కండ్లు ఏడికి పోతున్నయో సూడు."

"కండ్లు సూస్తే ఏం తెలుస్తది?"

"మీ నాయన దినాల నాడు అందరం గీ బాయికాడనే తానాలు జేసినం. వచ్చినోళ్లంత బాయి సూసిండ్రు, మడి సూసిండ్రు, ఎంత మంచిగ పెంచిండని ఏడ్సిండ్రు. మీ మామొక్కడు భూమి దిక్కు ఈపు వెట్టి కూసున్నడు. ఒక్కపాలి గూడ తిరగలే. నేను ముప్పై ఏండ్లు ఉంగరం దిక్కు సూడకుంట ఉంగరం కొట్టేసినోన్ని. నాకు దెల్వదా?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "నువ్వు రోజూ మా భూమి దిక్కే సూస్తవు గద పెద్దబాపూ. మరి నువ్వు?"

"సూస్త. ఎందుకు సూడ? నా తమ్ముడు దున్నిన భూమి" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

ఇదంతా పిచ్చి అనుకుంటూనే ఆదివారం మామను పొలానికి తీసుకెళ్లాను. కొత్తిమీర కోసిస్తాను, అత్తకు పట్టుకుపో అని వంక పెట్టాను. మామ గెట్టు మీద దస్తీ పరుచుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన కళ్లు చూడాలంటే సిగ్గేసింది. అయినా చూశాను. ఫోను చూశాడు. దిగుతున్న విమానం చూశాడు. అది దుబాయ్ నుంచి వస్తుందని చెప్పాడు. నా చెప్పులు చూసి కొత్తవి కొనిస్తానన్నాడు. అరగంటలో భూమి వైపు చూడలేదు. చూడకపోతే ఏమైంది, వ్యవసాయం తెలియని మనిషి అని నాలో నేనే వాదించుకున్నాను.

"మామా, రేపు ఆఫీసుల అడిగితే చెప్పాలె గద. మన భూమి సర్వే నంబరు ఎంత?"

ఫోనులోంచి తల ఎత్తకుండా నంబరు చెప్పాడు. బై నంబరుతో సహా చెప్పాడు. తూర్పున ఎవరు, పడమర ఎవరు, రోడ్డుకు ఎన్ని గజాల దూరం, అన్నీ గడగడా చెప్పాడు. నాకు బై నంబరు ఉందని కూడా తెలియదు.

"మన మడిల ఇప్పుడేం పండుతున్నది మామా?"

ఆయన తల ఎత్తాడు. కానీ మడి వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "ఏందో ఆకుకూర గదా" అని నవ్వాడు.

మడి ఆయన వెనక నాలుగడుగుల్లో ఉంది. ఆసారి మేం వేసింది టమాట. కాయలు ఎర్రబడి ఉన్నాయి.

కొత్తిమీర పక్క పొలం వాళ్ల మడిలో కోసిచ్చి పంపించాను. ఇంటికి వచ్చి అమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మ చాలాసేపు బియ్యం చెరుగుతూనే ఉంది. చివరికి, "టమాటలు గుర్తుపట్టకుంటే దొంగైపోతడా? మీ పెద్దబాపు నీకేమన్న నూరిపోసిండా?" అంది. నేను గట్టిగా అరిచాను. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. తోడబుట్టినవాణ్ని అనుమానించడం ఆమె వల్ల కాదు. నేను వేరే దారి పట్టాను.

"సరేనే అమ్మా. ఏం అనకు. కాగితం ఒక్కరోజు ఇంట్ల ఉంచమను. నేను చదువుత. మంగళారం పోతం. గంతే."

సోమవారం మామ ఆటో తీసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, అగరొత్తుల వాసన. అమ్మ కొత్త చీర కట్టుకుని మంచం మీద కూర్చుంది. ఆయన మామూలుగా కింద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, కాగితం ఇయ్యాల ఒక్కరోజు ఇంట్ల ఉంచు. పిల్ల చదువుత అంటున్నది. రేపు పోదాం."

మామ మొహం చిన్నబోయింది. కళ్లల్లోకి నీళ్లు వచ్చాయి. నాకు ఆ నీళ్లు చూసి ఒక్క క్షణం తప్పు చేశామనిపించింది.

"అక్కా, నా మీదనే అనుమానమా?"

అమ్మ చెయ్యి కదిలింది. మోకాలి మీద ఉన్న ఆయన చేతిని తీసి పక్కన పెట్టింది. మెల్లగానే పెట్టింది. ఆ మాట ఆమె ఇరవై ఏళ్లు ముందు వరసలో కూర్చుని విన్నది. ఆ తర్వాత ఏం వస్తుందో ఆమెకు నా కంటే బాగా తెలుసు.

"అనుమానం గాదు తమ్మీ. ఒక్కరోజు."

మామ లేచి నిలబడ్డాడు. "నీ కోసం గింత తిరిగితే గిదా? చదువుకుంటున్న పోరి మాటలినుకుంట కూసుంటవా? ఆ ముసలోడు మందు వెట్టిండా మీకు? ఇయ్యాల పోవాలె. ఇయ్యాలంటే ఇయ్యాలనే!" అరుపుకు ఆటో డ్రైవరు తొంగి చూశాడు.

అమ్మ ఆయన వైపే చూస్తోంది. ఏడవడం అయింది, అరవడం అయింది. ఆమె మూడో దాని కోసం ఆగింది. అదైనా రాకపోతే బాగుండునని ఆమె మొహంలో కనబడుతోంది.

"ఈ పిల్లకు పెండ్లెట్లయితదో సూస్త. మేనమామ లేకుంట పీటల మీద కూసోవెడ్తవా? గీమె గురించి ఊళ్లె నేను నాలుగు మాటలు అంటే ఎవడొస్తడో సూస్త."

అమ్మ లేచింది. "పో తమ్మీ" అంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ కాగితంతోనే పంపకం తెచ్చి మా భూమిని అమ్ముతానని అప్పటికే సిటీలో ఎవరికో మాటిచ్చి ఉన్నాడని ఎండాకాలంలో తెలిసింది. అమ్మ మాత్రం ఆ రోజే, అది తెలియకముందే, తలుపు దగ్గర కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. భూమి మిగిలింది గానీ తమ్ముడు పోయాడు. ఆ ఏడుపు తమ్ముడి కోసమే.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను వెంటబెట్టుకుని పొలానికి వచ్చింది. పెద్దబాపు తన మడిలో పార పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి పద్ధతి ప్రకారం మొహం పక్కకు తిప్పుకున్నాడు. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఇద్దరికీ మధ్య గెట్టు, గెట్టు మీద నేను.

ఆయనకు సంగతి అప్పటికే తెలుసు. మోటారు రూములోకి పోయాడు. ఎర్రగుడ్డ మూట తెచ్చి విప్పి, ఆట పుస్తకం మధ్యలోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. మేం మొదట పంపిన పంపకం కాగితం. బావితో సహా తూర్పు రెండెకరాలు భారతమ్మవి అని రాసినదాని కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. తేదీ చూశాను. రెండు వేల తొమ్మిది. మూడేళ్లు ఆ పుస్తకంలోనే ఉంది.

"అడుగు, మీ పెద్దబాపును" అంది అమ్మ. "గిది అప్పుడే ఎందుకియ్యలేదో అడుగు."

నేను అడగక్కర్లేదు, ఆయనకు వినబడింది. నాకే జవాబు చెప్పాడు. "మీ అమ్మ పేర కాగితమైన తెల్లారే మీ మామ దాన్ని అమ్మిపిస్తుండె. పంపకం లేని భూమి ఎవడు కొంటడు? అందుకే ఆపిన."

"మాకు చెప్పొచ్చు గదా!" ఈసారి నేనే అరిచాను. నిజంగా కోపం వచ్చింది. మూడేళ్లు ఆయనను తిట్టుకుంటూ బతికాం. ఒక్క మాట చెబితే ఏం పోయింది?

"మంత్రి ఏషం గట్టెటోడు ఇంకొకడు దొంగ అని చెప్తే ఎవ్వలు నమ్ముతరు బిడ్డా? ఒక్కపాలి బజార్ల చెప్పి సూసిన గదా."

ఆయన పార తీసుకుని మడిలోకి రెండడుగులు వేసి, అలవాటు కొద్దీ ఆగాడు. వెనక్కి తిరగకుండానే ఎప్పటిలాగే అడిగాడు.

"మీ అమ్మ తిన్నదా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ గెట్టు దాకా వచ్చి నిలబడింది. కొంగు జారిపోయింది. సర్దుకోలేదు.

"తిన్న బావా. నువ్వు తిన్నవా?"

ముప్పై ఏళ్లు ఒక్క పదం తడబడకుండా ఆట నడిపిన మనిషి పారను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. లచ్చమ్మ పెద్దమ్మ పోయాక ఆ మాట ఆయనను అడిగినవాళ్లు లేరు.

"ఇంకా లేదమ్మా" అన్నాడు.

అమ్మ నన్ను ఇంటికి ఉరికించింది, పొద్దున చేసిన జొన్నరొట్టెలు తెమ్మని.